పదిరోజుల కుక్క

ధర్మలింగం నాయుడికి కుక్కలంటే భయం లేదు. భయమైతే ఆయన దాచుకునేవాడు కాడు. భయానికి కారణం ఉంటుందనీ, కారణం ఉన్నదేదీ సిగ్గుపడవలసినది కాదనీ ఆయన అభిప్రాయం. ఆయనకున్నది శుద్ధమైన అసహ్యం. కుక్క నాలుకా, దాని తడి వాసనా, తన ఒంటిమీది పేలను తానే వెదికి నమిలే అలవాటూ ఆయనకు రోత పుట్టించేవి. అన్నిటినీ మించి, మనిషి కనబడగానే తోక ఊపే ఆ నిష్కారణమైన భక్తి ఆయనకు గిట్టేది కాదు. భక్తి ఏ జంతువులో కనబడినా ఆయనకు గిట్టదు.

పెరంబూరు రైల్వే వర్కుషాపు పరీక్షాశాలలో ముప్పయ్యొక్క సంవత్సరాలు ఇంజను నూనెలనూ రంగులనూ ఇత్తడినీ పరీక్షించి, వచ్చిన ఫలితాన్ని వచ్చినట్టే రాసి సంతకం పెట్టిన మనిషి ఆయన. ఉద్యోగం విడిచి నాలుగేళ్ళయింది. భార్య పోయి ఆరేళ్ళు. నాలుగు వాటాల ఇంటిలో వెనుకవైపు రెండు గదులలో నాలుగు బీరువాల పుస్తకాలతో కాపురముండేవాడు. ఆ గదులలో దేవుడి పటమూ లేదు, పంచాంగమూ లేదు. గోడకు వేలాడుతున్నది ఒక్క ఉష్ణమాపకం.

నడవాకు అవతలి వాటాలో పచ్చయమ్మ ఉండేది. పొద్దున్నే పెరంబూరు బజారులో ఆకుకూరలు అమ్మి పదకొండు గంటలకు తిరిగివచ్చే మనిషి. ఆమె కొడుకు ఏళుమలై కొత్తగా పెట్టిన రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు. కోడలు వల్లి రాయపురం పిల్ల, అప్పటికి అయిదో నెల గర్భిణి.

అది 1957, అరవలెక్కలో ఆడినెల, మారియమ్మ కొలువుల కాలం. ఆదివారం నాడు వీధివారు మారియమ్మకు అంబలి పోసి, మేకను కోసి, విస్తళ్ళు వేసి తిన్నారు. సోమవారం ఉదయానికి వీధి పొడవునా ఎంగిలి విస్తళ్ళు, నమిలి ఊసిన ఎముకలు, వాటిని కప్పిన ఈగలు. దైవకార్యం జరిగిన చోటుకూ కబేళాకూ వాసనలో భేదం ఎందుకుండదో ధర్మలింగానికి ఎన్నడూ అర్థం కాలేదు. ఆయన ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని పత్రిక చదువుకుంటూ ఉండగా వీధిలో కేకలు వినబడ్డాయి.

బయటికి వెళ్ళేసరికి వల్లి ఎడమచేతి మణికట్టును కుడిచేత్తో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతున్నది. మురికికాలువలో ఒక చిన్న కుక్క పడి ఉంది. దాని చుట్టూ అయిదారుగురు మగవాళ్ళు, చేతుల్లో రాళ్ళు.

ఆ కుక్క ఆ వీధికంతా తెలిసినదే. పిల్లికన్న కాస్త పెద్దది. ఇంజను డ్రైవరుగా పనిచేసిన ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఓడెక్కి దేశం విడిచిపోతూ దానిని విడిచిపోయింది. అందరూ దొరకుక్క అనేవారు. ఒకప్పటి తెల్లని బొచ్చు ఏడాదిలో కాలువ రంగుకు తిరిగింది. ఆ ఉదయం అది నోరు తెరిచి, చొంగ కారుస్తూ, ముందరికాలితో మూతిని గీరుకుంటూ గుమ్మం ముందు తచ్చాడింది. వల్లి జాలిపడి, కూర్చుని, దాని మూతి తుడవబోయింది. అది కరిచింది. తరువాత పని వీధివారు చేశారు. వెనుక కాలు విరిగింది, వీపు చీలింది.

“పిచ్చికుక్క నాయుడన్నా, ఆ చొంగ చూడు,” అంది పచ్చయమ్మ. ఆ పూట బజారుకు ఇంకా బయలుదేరనే లేదు. “ఈడనే ఇంకో రెండు రాళ్ళేస్తే పీడ వదిలిపోతాది.”

“ఎవురూ కొట్టొద్దు,” అన్నాడు ధర్మలింగం.

“ఏందన్నా, కొత్తగా దయ పుట్టింది నీకు?”

“దయ కాదమ్మా. అది సాక్షి. పిచ్చి ఉండే కుక్క కరిచినాక పది దినాలకు మించి బతకదు. బతికిందంటే పిచ్చి లేదని అర్థం. ఇప్పుడే చంపేస్తే ఈ పిల్ల సంగతి చెప్పేదానికి ఎవురుండారు?” ఆయన వల్లి వైపు తిరిగాడు. “నువ్వు మొదట సబ్బుతో ఆ గాయం కడుగు. కొళాయి కింద పెట్టి పావుగంట. ఆ తరువాత ఆస్పత్రికి. సూదులు ఈ దినమే మొదలుపెట్టాల. కుక్క పది దినాలు బాగుంటే మధ్యలో ఆపేస్తారు.”

“ఎన్ని ఊసులు మామా?” అంది వల్లి, సూదిని అరవంలో లాగే ఊసి అంటూ.

“పద్నాలుగు.”

“యాడ?”

ధర్మలింగం జవాబును మెత్తబరచడం ఎరగనివాడు. “కడుపు మీద,” అన్నాడు.

పచ్చయమ్మ కోడలి ముందుకు వచ్చి నిలబడింది. “కడుపుతో ఉండే పిల్లకి కడుపులో గుచ్చుతారా? నా కూతురు పొన్నుతాయికి ఒక్క ఊసే వేసినారు, కాన్పు ఆస్పత్రిలో. ఒక్కటి. మర్నాడు రిక్షాలో ఇంటికి తెచ్చుకుంటిని. పద్నాలుగంట.”

పొన్నుతాయి పోయినది సూది వల్ల కాదనీ, అప్పటికి మూడు రోజులుగా ఉన్న కాన్పు జ్వరం వల్లననీ ధర్మలింగానికి తెలుసు. ఆ సంగతి ఒకసారి విడమరిచి చెప్పాడు కూడా. ఆ తరువాత ఏడాదిపాటు పచ్చయమ్మ ఆయనతో మాట్లాడలేదు. రెండోసారి చెప్పడానికి నోరు రాలేదు.

ఈలోగా ఎవరో గోవిందసామిని పిలుచుకొచ్చారు. వీధి మొగను ఆకువక్క అంగడి నడుపుతూ, తేలు కుట్టినా పాము కరిచినా మంత్రం వేసే మనిషి. ఆయన వల్లిని పీట మీద కూర్చోబెట్టి, కంచు పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి ముఖం చూసుకోమన్నాడు. తరువాత ఏదో ఆకు నోట్లో వేసుకుని బాగా నమిలి, గొణిగి, ఆ పిప్పిని ఎర్రని ఉమ్మితో సహా తుపుక్కున గాయం మీద ఊశాడు. వక్క పలుకు ఒకటి తెరుచుకున్న చర్మంలోకి వెళ్ళడం ధర్మలింగం స్పష్టంగా చూశాడు.

“విషం లాగేసినాను,” అన్నాడు గోవిందసామి మూతి తుడుచుకుంటూ. “లాగిన విషం యాడికి పోతాది? తిరిగి కుక్కకే పోతాది. తొమ్మిది దినాల్లో కుక్క చస్తాది. అప్పటికి పిల్ల బాగయినట్టు.”

“చావకపోతే?” అన్నాడు ధర్మలింగం.

“చస్తాది నాయుడుగారూ. మీరు చుమ్మా, ఊరికే చూస్తా ఉండండి.”

ఆ మాట ధర్మలింగం మనసులో తేదీతో సహా నమోదు చేసుకున్నాడు. ఆపైన ఒక గోనెసంచి తెచ్చి, చూపు పక్కకు తిప్పుకుని, కుక్కను అందులో వేసి ఎత్తుకున్నాడు. అది మూలిగింది. వెచ్చని ద్రవమేదో సంచిలోంచి ఆయన పంచె మీదికి కారింది.

“పది దినాలే,” అన్నాడు అందరికీ వినబడేలా. “పదకొండోనాడు ఇది నా గడపలో ఉండదు.”

ఆయన తన వంటగది తలుపు వెనుక, అంట్లు తోమే గచ్చు మీద ఒక టీ పెట్టెను పడుకోబెట్టి, పాత వార్తాపత్రికలు పరిచి కుక్కను అందులో ఉంచాడు. మూర్ మార్కెట్ పేవ్‌మెంటు మీద ఎప్పుడో కొన్న పశువైద్య గ్రంథం ఒకటి బీరువా అడుగునుంచి తీశాడు. కొయ్య అడుగుబద్దను రెండుగా విరిచి విరిగిన కాలికి దబ్బలు కట్టాడు. మూతికి గుడ్డపట్టీ చుట్టి, పళ్ళు కదలకుండా చేసి గానీ ఏ పనీ మొదలుపెట్టలేదు. వీపు మీది గాయాన్ని పొటాసియం పెర్మాంగనేటు నీళ్ళతో కడిగాడు. ప్రతి పనికీ ముందూ వెనుకా చేతులు కార్బాలిక్ సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నాడు. అయినా కంచం ముందు కూర్చుంటే వేళ్ళనుంచి కుక్క వాసన వచ్చేది. మొదటి రెండు రోజులూ ఆయన చెంచాతోనే మజ్జిగన్నం తిన్నాడు.

మూడోనాడు గాయంలో పురుగులు కనబడ్డాయి. తెల్లగా, వరిగింజలంత, ఒకదానినొకటి నెట్టుకుంటూ మాంసంలోకి తల దూర్చి తోకలు ఆడిస్తున్నాయి. రంగుల పరీక్షల కాలం నాటి టర్పెంటైను సీసా ఇంట్లో ఉంది. నాలుగు చుక్కలు పోయగానే అవి ఊపిరాడక పైకి వచ్చాయి. పట్టకారుతో ఒక్కొక్కటే తీసి వేడినీళ్ళ డబ్బాలో వేశాడు. యాభై దాటాక రెండుసార్లు లేచి గోడపక్కకు వెళ్ళి వాంతి చేసుకున్నాడు. మూడోసారి వచ్చి కూర్చున్నాక ఆయనకు అసహ్యంలోనే ఒక క్రమం అలవడింది. చూడు, పట్టు, లాగు, వదులు. సృష్టి యావత్తూ ఒక కరుణామయుడి ప్రణాళిక అని చెప్పేవారిని ఒక్క గంట ఈ పెట్టె ముందు కూర్చోబెట్టాలని ఆయనకు బలంగా అనిపించింది.

రోజూ ఉదయం బజారుకు పోతూ పచ్చయమ్మ నడవాలోంచి అడిగేది. “చచ్చిందా అన్నా?”

“లేదు.”

“అయ్యో పావం,” అని వెళ్ళిపోయేది. ఆ జాలి కుక్క మీదనో, కోడలి మీదనో, తన మీదనో ఆయన తేల్చుకోలేకపోయాడు.

అసలు చిక్కు గాయాలది కాదు. అది తినడం లేదు. పాలగిన్నె ముందు మూతి పెట్టి, నాలుక ఆడించబోయి, కీచుమని వెనక్కి పోతుంది. చొంగ తాడులా వేలాడుతుంది. రాళ్ళ దెబ్బకు దవడ విరిగి ఉంటుందని ఆయన మొదట అనుకున్నాడు. చెంప పక్కనుంచి పాలు పోయాలంటే ముక్కు ఉన్న చిన్న గిన్నె కావాలి. అలాంటిది ఉగ్గుగిన్నె తప్ప మరొకటి లేదు. నడవాలో నిలబడి అడిగితే పచ్చయమ్మ చెవులు మూసుకుంది. “బిడ్డ నోట్లో పెట్టేదాన్ని కుక్క నోట్లో పెడతావా? నీకు మతి ఉండాదా అన్నా?”

ఆమె బజారుకు పోయాక వల్లి కొంగు కింద దాచి తెచ్చింది. రాయపురంనుంచి వాళ్ళమ్మ ముందుగానే పంపిన ఇత్తడి ఉగ్గుగిన్నె. వల్లి తాను పసిపాపగా పాలు తాగినది కూడా దానితోనే.

“దీన్ని తిరిగిచ్చేటప్పుడు అరగంట నీళ్ళలో కాచి ఇస్తాను,” అన్నాడు ధర్మలింగం.

“సరి మామా.” వల్లి గచ్చు మీద గొంతుక్కూర్చుని పెట్టెలోకి చూసింది. మణికట్టు మీద గోవిందసామి పసుపుగుడ్డ మురికిపట్టి ఉంది. “నన్నే చూస్తా ఉండాది.”

“అది ఎవుర్నైనా చూస్తాది. దగ్గరికి పోవద్దు.”

పోసిన పాలలో ముప్పావు వంతు ఆయన ఒడిలోకే కారేది. పులిసిన పాల కంపు, చీము కంపు, టర్పెంటైను కంపు కలిసి పుస్తకాల అట్టల్లోకి కూడా ఎక్కాయి.

కరిచిన మరునాటినుంచి లెక్కిస్తే అయిదోనాడు, శనివారం, కుక్క లేవలేదు. డొక్కలు లోతుకు పోయాయి. ధర్మలింగం పెట్టె ముందు కూర్చుని, పరీక్షాశాలలో చేసినట్టు ఒక్కొక్క అవకాశాన్నీ కొట్టివేస్తూ వచ్చాడు. బయటనుంచి దవడను రెండు వైపులా వేళ్ళతో నొక్కి చూశాడు. ఎముక ఎక్కడా విరగలేదు. విరగనప్పుడు నోరెందుకు మూయలేకపోతున్నది? గ్రంథం తెరిచాడు. రెండే కారణాలు మిగిలాయి. ఒకటి, పిచ్చి వ్యాధిలోనే మూగరకం. దవడ పక్షవాతం వచ్చి జారిపోతుంది, చొంగ కారుతుంది, మింగలేదు. రెండు, నోట్లో ఏదో ఇరుక్కుని ఉండడం. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. గొంతులో ఎముక ఉందనుకుని నోట్లో వేలు పెట్టి ప్రాణం పోగొట్టుకున్నవారు పలువురని ఆ గ్రంథకర్త హెచ్చరించాడు.

తెలుసుకోవలసినది ఆ వేలు పెట్టే చోటనే ఉంది. కుక్క ఇలాగే ఆకలితో చస్తే దాని చావు ఏమీ చెప్పదు. పిచ్చితో చచ్చిందో, పస్తుతో చచ్చిందో తేల్చేవారుండరు. గోవిందసామి మాత్రం తొమ్మిది రోజుల్లో చస్తుందన్న మాట నెగ్గిందని అంగడి ముందు తోరణం కడతాడు. వీధి సంబరపడుతుంది. వల్లి ఆస్పత్రి గడప తొక్కదు. ఆ తరువాత ఒక నెలకో రెండు నెలలకో ఆ పిల్ల మంచినీళ్ళ చెంబును చూసి వణకవచ్చు.

వర్కుషాపునుంచి తెచ్చుకున్న రబ్బరు తొడుగులు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఎండలకు గట్టిపడి, ముడతల దగ్గర చిట్లాయి. అవే తొడుక్కున్నాడు. వెనుక పళ్ళ మధ్య ఒక రబ్బరు బిరడా దూర్చి నోరు తెరిచి ఉంచాడు. లోపలినుంచి వచ్చిన కంపు వేసవిలో పగిలిన సరేసు జిగురు పీపా కంపు లాంటిది. ఆయన ఊపిరి బిగబట్టి, అద్దంతో ఎండను లోపలికి మళ్ళించి చూశాడు. అంగిట్లో నల్లగా కుళ్ళిన గీత. వేలు పెట్టాడు. గట్టిగా, నున్నగా, అడ్డంగా ఏదో తగిలింది. పట్టకారుతో పట్టి ఒక కొసను కిందికి వంచాడు. కుక్క ఒళ్ళంతా విదిలించింది, బిరడా జారింది, పళ్ళు దగ్గరకు వచ్చాయి. ఆయన చెయ్యి లాక్కునేసరికి పట్టకారుతోపాటు ఎముక ముక్క బయటికి వచ్చి గచ్చు మీద టిక్కుమని పడింది.

మేక పక్కటెముక. పైదవడ ఎడమ పళ్ళకూ కుడి పళ్ళకూ మధ్య వంతెనలా పడి, ఆరు రోజులుగా అంగిట్లో మాంసాన్ని కుళ్ళబెట్టింది. దానిని కడిగి, సీసాలో వేసి, తేదీ రాసి చీటీ అతికించాడు. ఆదివారం నాడు మారియమ్మ కోసం కోసిన మేకదే, సందేహం లేదు. పిచ్చి అని రాళ్ళు వేసిన చేతులలో ఏదో ఒకటి ముందటిరోజు ఆ ఎముకను నమిలి వీధిలోకి విసిరిన చెయ్యే.

కుక్క గిన్నెడు నీళ్ళు తాగింది. తాగి, దగ్గి, ఆయన పాదాల మీద కక్కి, మళ్ళీ తాగింది. అప్పుడు ఆయన తొడుగులు విప్పాడు. కుడిచేతి నడిమివేలి మీద రెండు ఎర్రని గీతలు. తొడుగు చిట్లినచోట పన్ను దిగింది.

ఎముక కనబడినంత మాత్రాన పిచ్చి లేదని రుజువు కాదు. రెండూ ఒకే కుక్కలో ఉండవచ్చు. ఈ సంగతి ఆయనకన్న బాగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. వేలు పావుగంట సబ్బుతో కడిగాడు, అయొడీను పూశాడు. ఆస్పత్రికి మాత్రం బయలుదేరలేదు. ఎందుకు అవసరం లేదో ఒక కాగితం మీద మూడు కారణాలు రాసుకున్నాడు. గీత లోతు లేదు. కుక్క తేరుకుంటున్నది. ఈ వయసులో పద్నాలుగు సూదులు శరీరానికి మంచివి కావు. రాసినది మరోసారి చదువుకుంటే, అది పచ్చయమ్మ మాటలనే వ్యాకరణం సరిచేసి రాసినట్టుంది. ఆయన ఆ కాగితాన్ని చింపాడు. ఆ వారంలో చూసిన పురుగులేవీ ఆయనకు అంత వెగటు కలిగించలేదు.

మరునాడు ఉదయం నిద్ర లేవగానే తాను మొదట చేసిన పని పెట్టెలోకి తొంగిచూడడమని గమనించాడు. అది తల ఎత్తితే రోజంతా మంచిదన్నట్టు మనసు తేలికపడింది. శకునం చూసేవాడి ముఖానికీ తన ముఖానికీ ఆ క్షణాన భేదమేమిటో ఆయన చెప్పుకోలేకపోయాడు.

ఆ ఆదివారం కొళాయి దగ్గర వల్లి బిందె పెట్టి నిలబడి ఉంది.

“మామా, ఆ వేలికి ఏమైంది?”

“కుక్క పన్ను గీసుకుంది.”

“ఎప్పుడు?”

“నిన్న.”

“ఊసి వేయించుకుంటివా?”

“లేదు.”

బిందె నిండి పొర్లింది. వల్లి కొళాయి కట్టలేదు. “నాకు మట్టుకు పోయి గుచ్చించుకో అంటివి.”

“నీది కాటు. ఇది గీత.”

“ఓహో. ఆ భేదం కుక్కకి చెప్పినావా?”

ముప్పయ్యొక్క ఏళ్ళలో ఏ ఇంజనీరూ ధర్మలింగం నివేదికలో ఇంత సూటిగా వేలు పెట్టి చూపలేదు.

“నీకూ భయమే గదా మామా,” అంది వల్లి. ఎగతాళి లేదు ఆ గొంతులో.

“భయమే,” అన్నాడు.

“అయితే ఇద్దరం పోదాం. ముందు నువ్వు గుచ్చించుకో. నేను చూస్తా. చూసినాక చెప్తా.” కొళాయి కట్టి, గొంతు తగ్గించింది. “ఒక్క మాట. అత్తకి తెలీకూడదు. ఈ దినం కాదు, ఎన్నటికీ. రేపు బిడ్డకి జలుబు చేసినా ఆ ఊసి వల్లనే అంటాది. ఆమె అనే మాటలు పడతా నేను ఈ ఇంట్లోనే ఉండాల. నువ్వు వాదం గెలిచేదానికి ఈ సంగతి యాడా ఎత్తకూడదు. మాట ఇస్తావా?”

“మాట ఇస్తున్నా,” అన్నాడు ధర్మలింగం. ఆ మాట ఖరీదు ఆయనకు అప్పుడు తోచలేదు.

సోమవారం పచ్చయమ్మ బజారుకూ, ఏళుమలై ఫ్యాక్టరీకీ వెళ్ళాక ఇద్దరూ సర్కారు ఆస్పత్రికి నడిచారు. బల్లల మీద కుక్కకాటు రోగులు చొక్కాలు పైకెత్తి వరుసగా కూర్చుని ఉన్నారు. నేల మీద దూది ఉండలు. మూలన వక్కాకుల ఉమ్మి. సూదిని ఉడికించే పాత్రలో నీళ్ళు పసుపురంగుకు తిరిగాయి. ధర్మలింగం పంచె వదులు చేసుకుని పడుకున్నాడు. బొడ్డు పక్కన చర్మాన్ని మడతపెట్టి పట్టుకుని ఆ లావుపాటి సూదిని దించారు. మందు నిప్పులా పాకింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి.

వల్లి ఆయన కడుపు వంకే చూస్తున్నది. “మామా,” అంది, “నీకు ఎన్నో నెల?”

బల్లల మీదివారంతా నవ్వారు. నవ్వుతూనే ఆమె డాక్టరును అడిగింది, బిడ్డకు ఏమైనా అవుతుందా అని. సూది చర్మం కింద ఆగిపోతుందనీ, బిడ్డ దాకా పోదనీ, జబ్బు వస్తే మాత్రం తల్లీ మిగలదు, బిడ్డా మిగలదనీ డాక్టరు చెప్పాడు. వల్లి పసుపుగుడ్డ విప్పి గాయం చూపింది. దాని కింద వక్క పలుకు చుట్టూ చీము పట్టి ఉంది. డాక్టరు దానిని గీకి తీశాడు. ధర్మలింగం గోడ వైపు తిరిగాడు.

మంగళవారం, బుధవారం కూడా వెళ్ళారు. ఏళుమలైకి భార్య కడుపు మీది వాపులు కనబడే ఉంటాయి. ధర్మలింగాన్ని చూసినప్పుడల్లా, కారణం లేకుండా, బీడీ దాచి లేచి నిలబడేవాడు.

గురువారం పదోరోజు. ఉదయం కుక్క పెరుగన్నం తిని, దబ్బలు కట్టిన కాలు ఈడ్చుకుంటూ నడవాదాకా వచ్చింది. ఆస్పత్రిలో ఆ మాట విని డాక్టరు వల్లికి ఇక సూదులు చాలన్నాడు. వేలు గీసుకున్నది అయిదోనాడు గనుక ధర్మలింగం పది రోజుల లెక్క వచ్చే మంగళవారం దాకా ఉంది. ఆయనకూ ఆపివేయవచ్చునని డాక్టరు అన్నా ఒప్పుకోలేదు. మళ్ళీ కడుపు చూపి పడుకున్నాడు.

ఇంటికి వచ్చి కూర్చున్న గంటకు నడవా నిండింది. పచ్చయమ్మ బజారునుంచి కనకాంబరాల దండ తెచ్చింది. వెనుక గోవిందసామి, ఆయన వెనుక రాళ్ళు వేసిన అయిదారుగురూ. కుక్క నుదుట కుంకుమ పెట్టారు. అది తుమ్మింది.

“చూసినావా నాయుడన్నా,” అంది పచ్చయమ్మ. ఆమె కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. “ఊసి లేదు, మందు లేదు. నా కోడలు బాగుండాది, బిడ్డ బాగుండాది. ఇప్పుడైనా ఒప్పుకుంటావా?”

వల్లి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన వైపు చూడలేదు. చీర కుచ్చిళ్ళు బొడ్డు మీదికి సర్దుకుంది.

ధర్మలింగం నాలుక మీద వల్లి మూడు సూదులూ, సీసాలోని ఎముకా, పది రోజుల చీమూ అన్నీ ఉన్నాయి. అన్నిటినీ మింగాడు. “కుక్క తొమ్మిది దినాల్లో చస్తాదన్నాడు గదా ఈయన,” అని మాత్రం అన్నాడు.

“అదే గదా గొప్ప,” అన్నాడు గోవిందసామి తడుముకోకుండా. “మంత్రం అంత గట్టిగా పడింది. పిల్ల విషంతోబాటు కుక్క విషం కూడా కొట్టుకుపోయింది.” చేతిలోని తాడు చూపించాడు. “దీన్ని నా అంగడి కాడ కట్టుకుంటాను నాయుడుగారూ. జనం కళ్ళతో చూడాల గదా.”

“తీసుకుపో. విషం లేదని నువ్వే అంటా ఉండావు. పోయేముందు దాని నోట్లో ఒక్కసారి వేలు పెట్టు.”

గోవిందసామి కుక్కను చూశాడు. కుక్క ఆయనను చూసి పళ్ళు చూపింది. “ఈ దినం గురువారం. వేలు పెట్టకూడదు,” అని రెండడుగులు వెనక్కి వేశాడు.

ఎవరో ముసిముసిగా నవ్వారు. పదిరోజుల్లో మొదటిసారి ధర్మలింగానికి ఊపిరి తేలికగా ఆడింది. పుండు చూడవలసిన వేళ కూడా అయింది గనుక, రోజూ చేసినట్టే కిందికి వంగి, ఎడమచేతి బొటనవేలితో దాని పెదవి పైకెత్తి అంగిట్లోకి చూశాడు. మానుతున్నది. కుక్క కదలకుండా నిలబడి, ఆయన మణికట్టును నాకింది.



“చూడండబ్బా,” అన్నాడు రాళ్ళు వేసినవారిలో ఒకడు. “దేవుడు లేడనే మనిషి నోట్లో చెయ్యి పెడితే కూడా కరవలేదు. గోవిందసామి మంత్రం అంటే అట్ల ఉండాల.”

అందరూ అవునన్నారు. గోవిందసామి వినయంగా కళ్ళు మూసుకున్నాడు.

ధర్మలింగం లేచి నిలబడ్డాడు. నాకిన మణికట్టు తడిగా, వెచ్చగా, రోతగా ఉంది. వల్లి తల వంచుకుని ఉంది, కానీ ఆమె భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. ఆయనకు ఆ వీధి మీదా, ఆ దండ మీదా, ఎంత గట్టి రుజువునైనా నమిలి మంత్రంగా ఊసివేయగల ఆ నోళ్ళ మీదా చెప్పలేనంత జుగుప్స కలిగింది.

“ఇంకా మూడు వారాలు కాలికి దబ్బలుండాల,” అన్నాడు. “అందాకా ఇది ఎవురి అంగడికీ పోదు.” అది నిజమే. పది రోజులన్న తన మాట తప్పడం కూడా నిజమే.

జనం కదిలారు. అప్పుడు పచ్చయమ్మ నడవాలోంచి లోపలి గచ్చు మీద బోర్లించి ఉన్న ఉగ్గుగిన్నెను చూసింది. చూసి కోడలి వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి తిరిగింది. ధర్మలింగం కేకల కోసం సిద్ధపడ్డాడు. ఆమె మాత్రం గిన్నెను తీసుకుని, అడుగున ఎండి అంటుకున్న పాలచారను కొంగుతో తుడిచి, కళ్ళకద్దుకుంది.

“విషం దిగిన కుక్క తాగిన గిన్నె,” అంది. “దీంతోనే పోస్తా నా మనవడికి మొదటి పాలు. ఇంక ఏ దిష్టీ తగలదు వాడికి.”

“ఈడ పెట్టు దాన్ని,” అన్నాడు ధర్మలింగం. ఆ గొంతుకు పచ్చయమ్మ అదిరిపడింది.

“ఏందన్నా?”

ఆయన గిన్నె ఆమె చేతిలోనుంచి లాక్కున్నాడు. పురుగుల సంగతి చెప్పవచ్చు, చీము సంగతి చెప్పవచ్చు, పొన్నుతాయి జ్వరం ఏ మురికినుంచి వచ్చిందో కూడా చెప్పవచ్చు. ఆమె వినదు. వినేమాట ఏదో ఆయనకు తెలుసు. దానిని నోట పలకడం అంగిట్లో వేలు పెట్టడంకన్న కష్టంగా ఉంది.

“మంత్రం నిలవాలంటే,” అన్నాడు గోడను చూస్తూ, “అరగంట సేపు నీళ్ళలో కాగాల. బిడ్డకి వాడిన ప్రతిసారీ కాగాల. లేకుంటే పని చెయ్యదు.”

పచ్చయమ్మ ముఖం విప్పారింది. “చూసినావా, నీకూ వచ్చింది నమ్మకం. ప్రతిసారీనా?”

“ప్రతిసారీ.”

ఆయన లోపలికి వెళ్ళి, స్టవ్వు వెలిగించి, గిన్నె మునిగేదాకా నీళ్ళు పోశాడు. కార్బాలిక్ సబ్బుతో చేతులు మోచేతుల దాకా మూడుసార్లు రుద్దుకున్నాడు. తరువాత నోరు కూడా పుక్కిలించాడు. కుక్క కుంటుకుంటూ వచ్చి, కనకాంబరాల దండతో సహా ఆయన పాదాల మీద పడుకుంది. దాని మెడలో పూలు అప్పుడే వాడి వాసన వేస్తున్నాయి. ధర్మలింగం కాలితో దానిని పక్కకు జరిపాడు. అది మళ్ళీ వచ్చి పడుకుంది. ఆయన గడియారం చేతిలోకి తీసుకుని, నీళ్ళు తెర్లడం మొదలైన నిమిషాన్ని గుర్తుపెట్టుకున్నాడు.